ఆరో నంబరు రాయి

నగర ప్రణాళిక కార్యాలయం, మూడో అంతస్తు
జూన్ 3

అక్కా,

ముందు కుర్చీలో కూర్చో. కూర్చున్నావా? పాత మార్కెట్ గేటు మళ్ళీ లేస్తోంది!

నిన్న మీటింగులో ఖాయం చేశారు. ఆ మార్కెట్ విప్పేసిన చోట పంతొమ్మిదేళ్ళుగా కార్లు నిలుపుకుంటున్నారు కదా, ఆ స్థలమంతా జనం కూర్చోవడానికీ తిరగడానికీ ప్లాజా చేస్తున్నాం. డిజైన్ నాది. మీ యార్డులో పడి ఉన్న మార్కెట్ రాళ్ళన్నీ తెప్పిస్తాం. గోడ రాళ్ళతో బెంచీలు, నేల పలకలతో నడకదారి, అన్నిటికీ ముందు ఆ కమాను గేటు. అప్పుడెలా ఉండేదో అలాగే, రాయికి రాయి. "పాత రాళ్ళెందుకమ్మా, కొత్తవైతే నున్నగా వస్తాయి కదా" అని మా నెక్‌టై దొర మూడు నెలలు నా ప్రాణం తీశాడు. ఆయన మా పెద్ద ఇంజనీరు, మండుటెండలో కూడా ఆ టై విప్పడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే చివరికి సరేనన్నాడు.

బాబాయికి ఇవాళే చెప్పు. గేటు తన చేతులతో విప్పిన రోజు ఎవరో పెద్దమనిషి "మళ్ళీ పెడతాం మేస్త్రీ" అన్న ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నాడు. నాన్న పోయాక మనిద్దరినీ ఆ ఉలి మీదే పెంచిన మనిషి. ఆయన చూపు పూర్తిగా పోకముందే గేటు నిలబెట్టి చూపించాలని నా పంతం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇంతగా ఏదీ కోరుకోలేదు.

నీతో పని ఒక్కటే. గేటు విప్పినప్పుడు నువ్వు రాసిన రిజిస్టరు కావాలి. కమానులో ఇరవైయొక్క రాళ్ళు కదా, వాటి మీద నువ్వు వేసిన నంబర్లు, ఏది ఏ రాయి పక్కన కూర్చుంటుందో చూపే బొమ్మ. ఫోనులో ఫోటో తీసి పంపకు, అసలు కాగితమే కావాలంటున్నారు. మనకెలాగూ హాస్టలు రోజుల నుంచీ ఉత్తరాల పిచ్చే కాబట్టి, పనిలో పనిగా నాలుగు కబుర్లు కూడా రాసి పెట్టు.

నీ
పెన్సిలు


రాళ్ళ యార్డు, గుమాస్తా గది
జూన్ 11

ఒసేయ్ పెన్సిలూ,

జడలో పెన్సిలు గుచ్చుకుని బడికి పోయి, సాయంత్రం అది ఎక్కడుందో తెలియక ఇల్లంతా వెతికిన దానివి. ఇప్పుడు ఏకంగా ఊరికి గేటు పెడుతున్నావు! చాలా సంతోషంగా ఉంది.

బాబాయికి చెప్పాను. ఏం చేశాడనుకున్నావు? లేచి వెళ్ళి ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుని "ఇప్పుడు మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆ మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని యార్డు వెనక్కి పోయాడు. కమాను రాళ్ళు గుట్టపెట్టి పైన రేకులు కప్పి పెట్టాం కదా, ఇన్నేళ్ళలో వాటినెవరూ కదపలేదు, పిచ్చిమొక్కలు నడుం ఎత్తు లేచాయి. వాటిలోంచే దూరి వెళ్ళి రేకుల మీద తట్టి వచ్చాడు. చొక్కా నిండా గడ్డి ముళ్ళు. నేను తిడుతూ ఏరుతుంటే "చిన్నది సాధించిందే" అంటాడు.

సరేగానీ, ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు. గేటే ఎందుకు? ఆ కమాను రాళ్ళతో కూడా బెంచీలే చేస్తే ఏం పోయింది? గోడలు లేని చోట గేటు కింద నిలబడి జనం ఏం చేస్తారు? బెంచీ అయితే ఇంత నడుం వాలుస్తారు. నువ్వు ప్లాజా అంటావు, మేం మార్కెట్ అనే అంటాం, ఏదైనా కూర్చోవడమే కదా ముఖ్యం. ఆలోచించు.

రిజిస్టరు పాత బీరువాలో ఉండాలి. బీరువా తాళం మొరాయిస్తోంది. చూస్తాను.

అక్క


నగర ప్రణాళిక కార్యాలయం
జూలై 2

అక్కా,

మూడు వారాలు మొరాయించే తాళం ప్రపంచంలో ఎక్కడా లేదు. తాళాలు బాగుచేసేవాడు మీ యార్డుకి రెండు వీధుల అవతలే ఉన్నాడు, నాకు తెలుసు, వాడి కొట్టు ముందే మనం సైకిలు నేర్చుకున్నాం.

నిజం చెప్పు, నీకు ఈ పని ఇష్టం లేదా? నా పేరు నలుగురి నోట పడుతోందని కంటగింపా? బాబాయి దగ్గర ఉండి అన్నీ చూసుకుంటున్నది నువ్వైతే, మంచి పేరు దూరాన ఉన్న నాకు వస్తోందనా? రాయకూడదనుకుంటూనే రాసేశాను. కొట్టేస్తే ఇంకా బాగా కనబడుతుందని అలాగే వదిలేస్తున్నాను.

లారీలు పదిహేనో తారీఖున వస్తాయి. రిజిస్టరు డ్రైవరు చేతికి ఇవ్వు.

ఇంకొకటి, బాబాయిని నా దగ్గరికి పంపు. పని జరిగినన్నాళ్ళు ఇక్కడే ఉంటాడు. చూపు ఆనకపోయినా ఫరవాలేదు, గేటు పక్కన నీడలో కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఆయన ఊరికే అలా కూర్చున్నా మా వాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు. పైగా మా నెక్‌టై దొరకి ఆయనతో నాలుగు చీవాట్లు తినిపించాలని నా కోరిక.

పెన్సిలు


రాళ్ళ యార్డు
జూలై 17

చెల్లీ,

రాళ్ళు బయల్దేరాయి. రిజిస్టరు డ్రైవరు చేతికిచ్చాను, సంతకం పెట్టించుకున్నాను.

రేకులు తీస్తే కింద తేళ్ళ కాపురం. క్రేను వాడు ఎగిరి బండెక్కి కూర్చుని సగం పూట దిగలేదు. బాబాయి దగ్గరికొస్తానన్నాడు, ఇనుప తాళ్ళు ఊగుతున్నాయి వద్దన్నాను. యార్డు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో లారీ దాటుతుంటే లేచి నిలబడ్డాడు. ఏడు లారీలు, ఏడుసార్లు లేచాడు.

ఆయన్ని పంపలేను. మోకాళ్ళకి ప్రయాణం మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

కంటగింపు అన్నావు. నువ్వు బాగుపడితే ఏడ్చే దాన్నైతే నిన్ను చదివించాలని అప్పుడంత తాపత్రయపడేదాన్నా? పోనీలే. నేను నీ మీద కోపంగా లేను. కోపం తెచ్చుకునే యోగ్యత కూడా ఉండాలి కదా.

ఒక్క మాట మాత్రం విను. రాళ్ళు పైకెత్తే ముందు నేల మీద పరిచి చూసుకోండి. నంబరు ఉంది కదా అని గుడ్డిగా ఎత్తేయకండి.

అక్క


ప్లాజా పని స్థలం, రేకుల షెడ్డు
సెప్టెంబరు 8

అక్కా,

ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఇది అందిన వెంటనే జవాబు రాసి కొరియరులో వేయి.

కమాను కుదరడం లేదు. నువ్వన్నట్టే ముందు నేల మీద పరిచాం. అక్కడే తేడా కనిపించింది. ఒకచోట రెండు రాళ్ళ మధ్య వేలు దూరేంత సందు, ఇంకోచోట రాయి అసలు దూరదు. బరువు పడితే సర్దుకుంటాయేమోనని కర్రల చట్రం కట్టి దాని మీద పేర్చి కూడా చూశాం. రెండు కాళ్ళ వైపు నుంచీ పేర్చుకుంటూ వస్తే నడినెత్తిన పెద్ద రాయికి చోటు మిగల్లేదు. అంగుళంలో ఎనిమిదో వంతుని బాబాయి "నూలు" అనేవాడు గుర్తుందా? "నా పనిలో అర నూలు తేడా వస్తే ఉలి పారేస్తాను" అనేవాడు. ఇక్కడ నాలుగేసి నూళ్ళు తేడా వస్తోంది. ఇంకో సంగతి, రిజిస్టరులో ఇరవై రాళ్ళకీ ఒకే కొలత రాసి ఉంది. చేత్తో చెక్కిన రాళ్ళు అంత అచ్చుగుద్దినట్టు ఎలా ఉంటాయి?

వచ్చే నెల పన్నెండున ప్రారంభం. నెక్‌టై దొర రాతికోత యంత్రం తెప్పించి షెడ్డు ముందు నిలబెట్టాడు. అడ్డొచ్చిన చోట కోసేసి, సందున్న చోట సిమెంటు నింపేద్దామంటున్నాడు. ఒకసారి కోశామంటే మళ్ళీ అతికించలేం, అది నీకు నేను చెప్పాలా?

నాకు తోచేవి రెండే కారణాలు. నంబర్లు తప్పయి ఉండాలి. లేదా విప్పేటప్పుడు బాబాయి కొలతలు తప్పి, అంచులు చెడి ఉండాలి. నంబర్లు నువ్వు దగ్గరుండి వేసినవి. అందుకే అడుగుతున్నాను, ఒక్క ముక్కలో చెప్పు. నంబర్లు సరైనవేనా? ఏమాత్రం అనుమానం ఉన్నా ప్రారంభం వాయిదా వేయించి యంత్రం ఆపిస్తాను. నా ఉద్యోగం మీదికి వచ్చినా సరే. శనివారం దాకా ఆగుతాను.

పెన్సిలు


రాళ్ళ యార్డు
సెప్టెంబరు 11

చెల్లీ,

రిజిస్టరులో ఎలా ఉన్నాయో రాళ్ళ మీద నంబర్లు అలాగే ఉన్నాయి.

ఫోను పాడైంది.

అక్క


నగర ప్రణాళిక కార్యాలయం
అక్టోబరు 14

అక్కా,

అయిపోయింది. గేటు నిలబడింది.

జనం బాగా వచ్చారు. బెంచీలు ఆ రోజే నిండిపోయాయి. పక్క ఆఫీసుల వాళ్ళు టిఫిన్ డబ్బాలు తెరిచి కూర్చున్నారు. ఒక పెద్దావిడ బెంచీ రాయి మీద అరచెయ్యి పెట్టి "ఇది చేపల వరస గోడది, ఇంకా చల్లగానే ఉంది" అంది. ఆ మాటకే ఈ ఏడాది పడ్డ కష్టమంతా మర్చిపోవాలి నిజానికి.

కానీ గేటు వైపు చూడబుద్ధి కావడం లేదు. రాళ్ళ అంచులు కోసిన చోట తెల్లగా మెరుస్తోంది. ముఖాలేమో నూరేళ్ళ నలుపు. దూరం నుంచి చూస్తే నోట్లో పళ్ళు కట్టించుకున్నట్టుంది. పత్రిక అతను అదే అడిగాడు, ఎందుకు కోశారని. నేనేం చెప్పాలి? పక్కన నెక్‌టై దొర నిలబడి ఉన్నాడు. "పాత మేస్త్రీల కొలతల్లో లోపాలున్నాయి, ఇప్పటి యంత్రాలతో సరిచేశాం" అన్నాను. నోరు దాటాక నాలుక కరుచుకున్నాను, కానీ అతను అప్పటికే రాసేసుకున్నాడు. ముక్క కత్తిరించి పెడుతున్నాను. బాబాయికి మాత్రం ఆ వాక్యం చదివి వినిపించకు. ఫోటో గురించి చెప్పు చాలు.

ఆయన్ని చూడ్డానికి ఎప్పుడు తీసుకొస్తావు?

పెన్సిలు


రాళ్ళ యార్డు
అక్టోబరు 23

చెల్లీ,

నేను వినిపించలేదు. వీధి చివర టీ కొట్టు అతను వినిపించాడు. పేపర్లో మీ అమ్మాయి ఫోటో పడింది మేస్త్రీ అని సంబరంగా పిలిచి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా గట్టిగా చదివాడట పాపం.

బాబాయి ఇంటికొచ్చి "నా కొలత తప్పిందటే" అన్నాడు. అడగడం కాదు, నాకు తెలియజేస్తున్నట్టు అన్నాడు. మర్నాడు కొలకర్ర, మూలమట్టం, తూకం గుండు, ఉలులు అన్నీ గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టమన్నాడు. చేతులు ఊరుకోక రోజూ పొద్దున్నే ఉలులకు నూనె రాసేవాడు కదా, ఇప్పుడు ఆ వేళకి ఊరికే కూర్చుంటున్నాడు. నిన్న యార్డులో కొత్తగా చేరిన మేస్త్రి ఏదో సలహా అడగడానికొస్తే "నన్నడక్కు నాయనా, నావి తప్పు లెక్కలు" అని పంపేశాడు. అది విన్నాక ఇంక ఓర్చుకోలేకపోతున్నాను.

ఆయన కొలత తప్పలేదు. నా నంబర్లు తప్పు.

ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది అప్పటికి. బాబాయి పూచీ మీద ఇచ్చిన ఉద్యోగం. నూనె రంగుతో నంబర్లు వేయమన్నారు. స్టోరులో రంగు అయిపోయింది, వచ్చేదాకా పని ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సున్నంలో నీలిమందు కలిపి వేసేశాను. రాయి రాయికీ విడిగా కొలత రాయమన్నాడు బాబాయి. కంటికన్నీ ఒకేలా ఉన్నాయని ఒక్కదాన్ని కొలిచి అన్నిటికీ అదే దించేశాను. ఇరవయ్యేళ్ళ పిల్లని, నేను చేసిందే తెలివి అనుకున్నాను. తర్వాత మూడు రోజులు వాన పట్టింది. నాలుగో రోజు యార్డుకొచ్చి చూస్తే నడినెత్తి రాయి తప్ప ఏది ఏదో తెలియడం లేదు. నీలం నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి.

అప్పటికి నూనె రంగు వచ్చింది. ఎవరినీ అడగలేదు. తోచినట్టు మళ్ళీ వేశాను. రేకులు కప్పేశాం. ఎవరు మళ్ళీ పెడతారులే అనుకున్నాను. పెడతానంటూ నువ్వొచ్చావు.

డాక్టరు ప్రయాణం వద్దనలేదు. అతనితో నేను మాట్లాడనే లేదు. బాబాయి అక్కడికొస్తే బయటపడుతుందని నేనే ఆపాను. ఫోనూ పాడవలేదు. సెప్టెంబరులో నువ్వు ఒక్క ముక్క అడిగినప్పుడు కాగితం ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. చివరికి ఆ వాక్యం దొరికింది, అబద్ధం కాని అబద్ధం. దాన్ని పోస్టు చేసి వచ్చి అన్నం కూడా తిన్నాను.

అక్క


నగర ప్రణాళిక కార్యాలయం
అక్టోబరు 29

శనివారం సాయంత్రం దాకా ఆగాను. నీ ఉత్తరం మధ్యాహ్నమే వచ్చింది. చదివి, అక్క చెప్పింది కదా అని నేనే వెళ్ళి యంత్రం ఆన్ చేయమన్నాను. మొదటి రాయి కోస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఆ దుమ్ము నా జుట్టులో రెండు రోజులుంది.

బాబాయి గురించి పత్రికలో ఆ మాట అన్న నోరు నాదే. అందులో నీకు వాటా ఇవ్వను. కానీ ఆయన దగ్గర ఇంకొక్క రోజు దాచావంటే నేనే బస్సెక్కి వచ్చి చెప్తాను.

నాకిప్పుడు నీతో ఇంతకంటే మాట్లాడాలని లేదు.


రాళ్ళ యార్డు
నవంబరు 6

చెల్లీ,

చెప్పాను. మొన్న పొద్దున, ఆయన ఊరికే కూర్చునే వేళకి, ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను.

మొత్తం విన్నాడు. తర్వాత "ఏ రంగు వేశానన్నావు?" అన్నాడు. సున్నం, నీలిమందు అన్నాను. "నంబర్లు మీకోసం వేయించానే. నాకెందుకు నంబర్లు? ఆ గేటు విప్పడానికి నలభై రోజులు పట్టింది. ఒక్కో రాయినీ పసిపిల్లని దించినట్టు దించాను. చెయ్యి పెడితే చెప్పనా, ఏది ఎక్కడిదో? ఆనాడు చెప్పినా ఒక పూట పని. ఈ జూన్‌లో చెప్పినా ఒక పూట పనే" అన్నాడు.

నేను కాళ్ళు పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు, అలాగని తలమీద చెయ్యీ వేయలేదు. "తప్పు రాసినందుక్కాదే. పంతొమ్మిదేళ్ళుగా రోజూ నాకు కంచం పెట్టావు, మంచినీళ్ళిచ్చావు. నన్ను చూస్తే నీకంత భయం వేసిందా? నేనంత చెడ్డవాణ్ణా?" అని అడిగాడు. ఆయన ఒక్కసారి కూడా నన్ను కసిరింది లేదు, నీకూ తెలుసు. కసిరే మనిషైతే ఎప్పుడో చెప్పేసేదాన్నేమో.

ఆఫీసులో కూడా రాసిచ్చాను. రిజిస్టర్ల పని నుంచి తీసేశారు. ఇప్పుడు యార్డు గేటు దగ్గర వచ్చే పోయే బళ్ళకి చీటీలిస్తున్నాను. సరైన పనే.

బాబాయి గోనెపట్టా దింపమన్నాడు. సోమవారం బస్సుకి నీ దగ్గరికొస్తున్నాడు. ఒక్కడే వస్తానన్నాడు. కిటికీ పక్క సీటు చెప్పి పెట్టాను. డ్రైవరుకి చెప్పాను, దిగాక మెట్టు దగ్గర చెయ్యి పట్టుకోమని. మందులు ఎర్ర సంచిలో ఉన్నాయి. పొద్దునవి తెల్ల మూత.

అక్క


నగర ప్రణాళిక కార్యాలయం
నవంబరు 25

అక్కా,

రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇలాంటివి నేను మొదట చెప్పేది నీకే కదా, ఆ అలవాటు కోపానికి లొంగడం లేదు.

వీధి దీపాలకు బల్బులు మార్చే బుట్ట బండి ఉంటుందే, అది తెప్పించాను. అందులో బాబాయి, నేను. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. కమాను ఎడమ కాలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో రాయి ముఖం మీదా అరచెయ్యి ఆనించి, వేళ్ళతో తడిమి చెప్పాడు. ఇక్కడ ఉలి ఎడమచేతి వాటం, ఇక్కడ ఇనుప కొక్కెం గుంట, ఇక్కడ దించేటప్పుడు నా చేతిలోనే ఇంత పెచ్చు ఊడింది అంటూ. నేను వెనకే సుద్దముక్కతో నంబరు వేస్తూ వచ్చాను. తొమ్మిది, పద్నాలుగు, రెండు, పదిహేడు, ఇరవై, ఆరు. అలా కుడి కాలి దాకా. ఒక్కచోట కూడా తడుముకోలేదు. కింద జనం తలలెత్తి చూస్తూ నిలబడిపోయారు. నెక్‌టై దొర కూడా వచ్చి నిలబడ్డాడు. చివరికి ఆ టై కొంచెం వదులు చేసుకున్నాడు, నమ్ము.

కోసిన అంచుల మీద వేలు పెట్టినప్పుడు మాత్రం ప్రతిసారీ ఆగాడు. నన్ను ఒక మాట అంటే బాగుండేదనిపించింది.

"మళ్ళీ విప్పి సరైన వరసలో పెడదామా బాబాయీ?" అన్నాను. "పక్కలు కోసేశాక ఇంక వరసెక్కడిదే చిన్నదానా. ఇప్పుడివి ఇలా ఉండాల్సినవే. కానీ నంబర్లు వేయించు. నిజం నంబర్లు. ఈసారి ఉలితో" అన్నాడు. గోనెపట్టా విప్పి, మా దగ్గర మేస్త్రికి తన ఉలి ఇచ్చాడు. ఆరు రోజుల్లో అన్నీ చెక్కేశారు. ఇప్పుడు మన గేటు తొమ్మిది, పద్నాలుగు, రెండు అని చదువుతోంది. దారిన పోయేవాళ్ళు ఆగి ఇదేం లెక్క అని అడుగుతున్నారు. కింద పలక పెట్టించాను. "ఈ రాళ్ళను విప్పిన మేస్త్రి కొలత తప్పలేదు. మళ్ళీ పేర్చిన మేము తప్పాము." పత్రికకి కూడా అదే రాసిచ్చాను, వేశారు. టీ కొట్టు అతనికి ఒక కాపీ ఇవ్వు. గట్టిగా చదవమను.

ఇంకో సంగతి. పెద్ద రాయి సంగతి వదిలేస్తే, నువ్వు తోచినట్టు వేసిన ఇరవైలో ఒక్కటి సరైన చోటే కూర్చుంది. ఆరోది. బాబాయి అక్కడ చెయ్యి పెట్టి "అరె, ఇదొక్కటి దీని చోటే ఉందే" అని ఎంత సంతోషించాడో! అంతలోనే పక్కల రాళ్ళకి తగ్గట్టు దాన్ని కూడా కోశామని వేలికి తగిలి చెయ్యి తీసేసుకున్నాడు. గుడ్డిగా వేసినా ఒకటి తగిలింది, అదృష్టం.

ఆయన నాలుగైదు నెలలు ఇక్కడే ఉంటానంటున్నాడు. రోజూ నాలుగింటికి గేటు ఎదురుగా బెంచీ మీద కూర్చుంటాడు. నిన్ను అడగడం లేదు. నీ గురించి ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోవడమూ లేదు. వస్తే రా.

పెన్సిలు


ప్లాజా, నడకదారి చివరి బెంచీ
డిసెంబరు 2, సాయంత్రం ఐదు దాటాక

చెల్లీ,

నీకు చెప్పకుండా వచ్చాను. పొద్దుటి బస్సుకే దిగాను. గేటు కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా ఇరవైయొక్క నంబర్లూ చదివాను. స్కూలు పిల్లలు ఇద్దరు పక్కనే నిలబడి ఎవరికి లెక్కలు రావో అని నవ్వుకుంటున్నారు. నాకే రావమ్మా అన్నాను.

ఆరో రాయి అదృష్టం కాదు. ఇదొక్కటి కూడా చెప్పేస్తే ఇంక నా దగ్గర దాచింది ఏమీ ఉండదు.

ఎవరినీ అడగలేదని రాశాను. ఒకసారి అడిగాను. వాన వెలిసిన రోజు మధ్యాహ్నం బాబాయి గోడ రాళ్ళ లారీతో యార్డుకొచ్చి మంచినీళ్ళ కోసం ఆగాడు. నేను రంగు డబ్బా వెనక్కి దాచి, దగ్గరున్న రాయి చూపించి, ఏదో ఊసుపోక అడిగినట్టు "ఇది ఎన్నోది బాబాయీ?" అన్నాను. చేతిలో గ్లాసు ఉంది. రెండో చెయ్యి రాయి మీద పెట్టాడు. కళ్ళు కూడా దించలేదు. "ఆరు. ఎడమ వైపుది. ఎందుకే?" అన్నాడు. "ఊరికే" అన్నాను.

ఆయనకి అన్నీ తెలుసని ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాడు. ఇంకొకటి అడిగితే చాలు, ఇంకొకటి, ఇంకొకటి. రెండోది అడిగితే ఎందుకడుగుతున్నానో అర్థమైపోతుంది. ఒక్క నిమిషం సిగ్గుపడాల్సి వస్తుందని నోరు నొక్కుకున్నాను. ఆయన గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. నేను ఆ రాయి మీద ఆరు వేసి, మిగతావాటి మీద నోటికొచ్చింది వేశాను.

అక్కడ గేటు ఎదురుగా బెంచీ మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. నువ్వు కొన్న చెప్పులనుకుంటా, కొత్తవి. ఇంత దూరం నుంచి నన్ను పోల్చుకోలేడు. గంట నుంచీ ఇక్కడి నుంచే చూస్తున్నాను, రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నాను.

ఈ కాగితం నీ ఆఫీసులో ఇచ్చి బస్సెక్కుదామని వచ్చాను. ఇప్పుడే ఎక్కను. మడిచి సంచిలో పెట్టి, ముందు ఆయన దగ్గరికి వెళ్తాను. చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్ళి, అప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతాను.

ఏడోది ఏది బాబాయీ?

అక్క